క్యూ-షిరతకి: ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు వెనక అసలు లెక్క

జపాన్‌లో ఒక మారుమూల స్టేషన్. రోజూ అక్కడ ఎక్కేది ఒకే ఒక్క బడి పిల్ల. ఆమె చదువు పూర్తయ్యే దాకా ఆ స్టేషన్ మూయకూడదని రైల్వే నిర్ణయించుకుంది. ఆమె బడికి వెళ్లే వేళకు ఒక రైలు, ఇంటికొచ్చే వేళకు ఒక రైలు. 2016 జనవరిలో ఈ కథ ప్రపంచమంతా తిరిగింది. తెలుగులోనూ తిరిగింది, ఇప్పటికీ ఏడాదికోసారైనా వాట్సాప్‌లో ఎవరో ఒకరు మళ్లీ పంపుతూనే ఉంటారు. కింద ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "ప్రభుత్వమంటే ఇలా ఉండాలి."

ఆ కథలో ఉన్న అమ్మాయి నిజం. స్టేషన్ నిజం. మంచు నిజం. ఆ అమ్మాయి కోసమే రైలు నడిచిందన్న మాట మాత్రం నిజం కాదు. అసలు సంగతి తెలుసుకుంటే కథ చప్పబడిపోతుందని కొందరి భయం. నిజానికి అసలు సంగతి ఇంకా లోతైనది. ఒక ఊరు ఎలా పుడుతుంది, దానికి రైలు ఎలా వస్తుంది, ఆ రైలు ఎవరి ఖర్చుతో నడుస్తుంది, ఎందుకు ఆగిపోతుంది అనే ప్రశ్నలన్నీ ఆ చిన్న చెక్క గది చుట్టూనే ఉన్నాయి.

ముందు పేర్ల గందరగోళం తీరాలి. జపాన్‌కు ఉత్తరాన ఉన్న పెద్ద దీవి హొక్కైడో. ఆ దీవి నడుమనున్న అసహికవ నగరం నుంచి ఈశాన్యంలో ఒఖోత్స్క్ సముద్రం ఒడ్డునున్న అబషిరి వరకు సెకిహొకు ప్రధాన మార్గం ఉంది. పొడవు 234 కిలోమీటర్లు. ఈ దారిలో కొండ దిగగానే వచ్చే లోయ పేరు షిరతకి. ఆ మాటకు తెల్లని జలపాతం అని అర్థం. ఒకప్పుడు ఈ లోయలో వరసగా అయిదు స్టేషన్ల పేర్లలో షిరతకి ఉండేది: ఒకు-షిరతకి, కమి-షిరతకి, షిరతకి, క్యూ-షిరతకి, షిమొ-షిరతకి. అంటే లోపలి షిరతకి, ఎగువ షిరతకి, ఉత్త షిరతకి, పాత షిరతకి, దిగువ షిరతకి. మన దగ్గర ఒక ఊరికి పెద్ద, చిన్న, పాత, కొత్త అని ముందు మాట తగిలించినట్టే. రైళ్ల అభిమానులు ఈ అయిదింటినీ కలిపి "షిరతకి వరస" అని ముద్దుగా పిలుచుకునేవారు.

చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుతో ఈ కథ అంటుకుంది. అందులో స్టేషన్ పేరు కమి-షిరతకి అని రాశారు. ఆ అమ్మాయి ఎక్కేది అక్కడ కాదు, క్యూ-షిరతకిలో. రెంటి మధ్యా అసలు షిరతకి స్టేషన్ ఉంది. పొరపాటు ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. కమి-షిరతకిలో రోజుకు అటొకటి, ఇటొకటి మాత్రమే బండ్లు ఆగేవి: పొద్దున 7:04కి ఒకటి, సాయంత్రం 5:08కి ఒకటి. గోడ మీద అతికించిన ఆ టైంటేబుల్ ఫోటో చూస్తే ఎవరికైనా బడి వేళలే గుర్తొస్తాయి. ఒక స్టేషన్ టైంటేబుల్, ఇంకో స్టేషన్ విద్యార్థిని కలిసిపోయి ఒక కథ అయ్యాయి. అమ్మాయి నిజంగా ఎక్కే క్యూ-షిరతకిలో పొద్దున బడివైపు వెళ్లే బండి ఒకటే అయినా, తిరిగి రావడానికి మూడు ఉండేవి.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ బండి ఆమె ఒక్కదాని కోసం బయల్దేరేది కాదు. కొండకు అవతల ఉన్న కమికవలో తెల్లారగట్ల బయల్దేరి, సొరంగం దాటి, షిరతకి లోయ వెంట దిగి, మరుసెప్పు మీదుగా ఎంగరు చేరేది. ఎంగరులో హైస్కూలు ఉంది. క్యూ-షిరతకి నుంచి అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. అదే బండిలో దారి పొడుగునా పది మంది దాకా విద్యార్థులు ఎక్కేవారు. క్యూ-షిరతకిలో ఆగకపోయినా ఆ బండి నడిచేదే. ఆమె కోసం జరిగిందల్లా, అక్కడ బండి అర నిమిషం ఆగడం.

ఆ అర నిమిషం తక్కువ విషయమేమీ కాదు. క్యూ-షిరతకి నుంచి షిరతకి స్టేషన్‌కు ఆరేడు కిలోమీటర్లు. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోయే లోయ అది. ఆ చీకట్లో, ఆ మంచులో నడిచి వెళ్లే దూరం కాదు. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే కారు తీయాలి. ఊరి ముంగిట బండి ఆగితే ఆ పని తప్పుతుంది. స్థానిక రైలు అంటే ఇదే. బండి ఒకే పెట్టె, డ్రైవరే కండక్టరు. ఎక్కేటప్పుడు అంకె వేసిన చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డ్రైవర్ పక్కనున్న పెట్టెలో చీటీ, డబ్బులు కలిపి వేయాలి. క్యూ-షిరతకిలో టికెట్ కౌంటర్ లేదు, సిబ్బంది లేరు. ఉన్నది ఒక చిన్న ప్లాట్‌ఫారం, ఒక చెక్క గది.

అక్కడ స్టేషన్ ఎందుకు వచ్చిందో చూడాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

హొక్కైడో లోపలి అడవులను తెరవాలని మెయిజీ చక్రవర్తి కాలపు ప్రభుత్వం పట్టుబట్టిన రోజుల్లో మొదట పడింది రోడ్డు. 1891లో అబషిరి జైలు ఖైదీలు వెయ్యి మందికి పైగా అడవిని నరికి, అబషిరి నుంచి కితమి కనుమ దాకా 160 కిలోమీటర్లకు పైగా దారి వేశారు. కొన్ని నెలల్లోనే పూర్తి చేయించారు. తిండి చాలక, జబ్బు చేసి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఈనాడు పర్యాటకులు అందమైన లోయ అంటున్న ఈ దారికి పునాది ఆ చావులే. తరవాత రైలు మార్గం కథా అంతే చీకటి. ఇదే సెకిహొకు దారిలో ఎంగరు దాటాక వచ్చే జోమోన్ సొరంగం పొడవు 507 మీటర్లు, 1914లో పూర్తయింది. కూలీలను గదుల్లో బంధించి పని చేయించే పద్ధతిలో తవ్వారు. 1968 భూకంపంలో దెబ్బతిన్న సొరంగాన్ని 1970లో బాగు చేస్తుంటే గోడలో మనిషి ఎముకలు బయటపడ్డాయి. చనిపోయిన కూలీలను సొరంగంలోనే పూడ్చారని ఎన్నో ఏళ్లుగా అక్కడి జనం చెప్పుకుంటున్న మాట అప్పుడు రుజువైంది. బడి పిల్ల కథను ప్రేమగా పంచుకునేవాళ్లు ఈ దారి మీద చనిపోయినవాళ్లనూ తెలుసుకోవాలి.

షిరతకికి జనం వచ్చింది 1912 ప్రాంతంలో. దక్షిణాన వకయమ ప్రాంతంలోని తనబె నుంచి యాభైకి పైగా కుటుంబాలు వలస వచ్చాయి. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన యువకుడు మొరిహెయి ఉయెషిబ. తరవాతి కాలంలో ఐకిదో అనే యుద్ధవిద్యకు మూలపురుషుడిగా ప్రపంచానికి తెలిసిన మనిషే. అడవి కొట్టి, పుదీనా వేసి, మంచుతో పోరాడి అక్కడ ఊరు నిలబెట్టారు. 1917లో మంటలు ఊరిని కాల్చేస్తే మళ్లీ కట్టారు. ఆయన 1919లో వెళ్లిపోయినా ఊరు నిలిచింది.

రైలు మెల్లగా వచ్చింది. ఎంగరు వైపు నుంచి యుబెత్సు నది వెంట పైకి పాకుతూ 1927లో మరుసెప్పు చేరింది, 1929లో షిరతకి చేరింది. కొండ కింద సొరంగం తవ్వాక 1932 అక్టోబరు 1న అవతలి కమికవతో కలిసింది. ఆ సెకిహొకు సొరంగం పొడవు 4,329 మీటర్లు. కమి-షిరతకి స్టేషన్ అదే రోజున తెరుచుకుంది. కలప బయటకు పోవడానికి, సరుకు లోపలికి రావడానికి, జనం ఆసుపత్రికి, సంతకు, బడికి వెళ్లడానికి అదే దిక్కు. కొండ ఎక్కే చోట కమికొషి అనే స్టేషన్ ఉండేది, సముద్ర మట్టానికి 634 మీటర్ల ఎత్తున, ఈ మార్గం మొత్తంలో అన్నిటికంటే ఎత్తులో. 1975లోనే అక్కడ ప్రయాణికులు ఎక్కడం, దిగడం ఆగిపోయింది.

క్యూ-షిరతకి ఈ వరసలో ఆలస్యంగా పుట్టిన బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 ఫిబ్రవరి 11న, తాత్కాలిక హాల్ట్‌గా మొదలైంది. షిరతకికీ షిమొ-షిరతకికీ మధ్య పది కిలోమీటర్ల ఎడం. నడుమనున్న ఇళ్లవాళ్లకు రెండూ దూరమే. అందుకని మధ్యలో ఒక ఆగుడు. జపాన్ జాతీయ రైల్వే హొక్కైడోలో ఇలాంటి తాత్కాలిక హాల్టులు చాలా పెట్టింది. చాలా ఏళ్లపాటు వాటికి పూర్తి స్టేషన్ హోదా లేదు. 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ముక్కలు చేసి ప్రైవేటు పద్ధతికి మార్చిన రోజున క్యూ-షిరతకి పూర్తి స్టేషన్ అయింది. అంటే ఆ హాల్టుకు గౌరవం దక్కిన రోజే, దాని మూతకు కారణమైన ఏర్పాటు కూడా మొదలైంది.

ఆ ఏర్పాటు అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. జాతీయ రైల్వేను ప్రాంతాలవారీగా విడగొట్టినప్పుడు టోక్యో, ఒసాకా, నగోయా చుట్టూ ఉన్న కంపెనీలకు కిక్కిరిసిన నగర రైళ్లు, షిన్‌కన్‌సెన్ అనే బుల్లెట్ రైళ్లు దక్కాయి. ఈ దీవికి వచ్చిన కంపెనీ జేఆర్ (జపాన్ రైల్వేస్) హొక్కైడో. దానికి దక్కింది మంచు, అడవి, పలచటి జనాభా. అది నష్టాల్లోనే నడుస్తుందని మొదటి రోజు నుంచే అందరికీ తెలుసు. అందుకే దానికి 68,220 కోట్ల యెన్‌ల నిధి ఇచ్చారు. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీతో రైళ్ల నష్టం పూడ్చుకోవాలి. అప్పటి లెక్క ప్రకారం వడ్డీ ఏడు శాతం పైన, అంటే ఏడాదికి దాదాపు 5,000 కోట్ల యెన్‌లు. కానీ 1990లలో జపాన్ ఆర్థిక వ్యవస్థ కుదేలై వడ్డీ రేట్లు నేలకు తాకాయి. నిధి అలాగే ఉంది, దాని మీద పండే పంట మాత్రం ఎండిపోయింది. ఒక దీవి మొత్తం రైళ్ల భవిష్యత్తును బ్యాంకు వడ్డీకి కట్టేయడం పెద్ద తప్పిదం. దాని ఫలితం అనుభవించింది మాత్రం ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని లోయల్లోని జనం.

దీనికి తోడు ప్రమాదాలు. 2011లో సెకిషో మార్గంలో సొరంగంలో బండి తగలబడింది. 2013లో సరుకు రైలు పట్టాలు తప్పింది. పట్టాల తనిఖీ కొలతలను మార్చి రాశారని అప్పుడే బయటపడింది. ఆ తరవాత కంపెనీ దగ్గరున్న ప్రతి యెన్ భద్రత వైపు పోవాల్సి వచ్చింది. పాత డీజిల్ పెట్టెలు మార్చాలి, పట్టాలు మార్చాలి, సిబ్బందిని పెంచాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి? జనం లేని స్టేషన్ల మీద చూపు పడింది.

జనం లేని స్టేషన్ నడపడానికి ఖర్చేముంటుందని అనిపించవచ్చు. ఉద్యోగి లేడు, కరెంటు బల్బు ఒకటో రెండో. కానీ హొక్కైడోలో ఖర్చంతా మంచుదే. ప్లాట్‌ఫారం మీది మంచు రోజూ ఎత్తాలి, ఎవరూ ఎక్కకపోయినా. బరువుకు చెక్క గది కప్పు కూలకుండా చూడాలి. ఆగి మళ్లీ కదిలిన ప్రతిసారీ డీజిల్ కాలుతుంది, సమయం పోతుంది. సింగిల్ లైన్ మీద ఒక బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎదురు బండి ఇంకో చోట నిలబడాలి. ఈ ఖర్చుకు ఎదురు వచ్చే ఆదాయం బడి పిల్లల పాసు. జపాన్‌లో విద్యార్థి పాసు ధర చాలా తక్కువ. పల్లె రైళ్లు నిండేది వాళ్లతోనే, కానీ సొమ్ము వచ్చేది వాళ్ల నుంచి కాదు. ఆ తగ్గింపు భారం విద్యా శాఖది కాదు, రైల్వేదే. ఈ ఒక్క ముడి విప్పి ఉంటే జపాన్‌లో ఎన్నో పల్లె మార్గాల లెక్క మారేదేమో.

ఇక రోడ్డు. అసహికవ నుంచి ఒఖోత్స్క్ తీరం వైపు కొత్త వేగ రహదారి పడింది. కొండ మీదుగా పోయే భాగానికి టోల్ లేదు. రైలు దారికి పక్కనే, షిరతకి లోయ గుండానే పోతుంది. డబ్బు పెట్టి కట్టింది ప్రభుత్వం, వాడుకునేవాళ్లకు ఉచితం. పక్కనే రైలు మాత్రం తన పట్టాలు తానే బాగు చేసుకోవాలి, తన సొరంగాలకు తానే మరమ్మతులు చేయించుకోవాలి. ఈ పోటీ మొదటి నుంచీ సమానమైనది కాదు.

ఆ రోడ్డే ఇంకో పని కూడా చేసింది, ఇది చెప్పకుండా ముందుకు వెళ్లడం కష్టం. షిరతకి వెనకనున్న కొండ నిండా అగ్నిపర్వతపు నల్ల గాజు రాయి ఉంది. పగలగొడితే కత్తి కంటే పదునైన అంచు వస్తుంది. పాత రాతి యుగంలో మనుషులు ఈ రాయి కోసమే ఇక్కడికి వచ్చేవారు. ఈ కొండ రాయితో చేసిన పనిముట్లు సముద్రం దాటి సఖాలిన్ దీవిలోనూ దొరికాయి. వేగ రహదారి వేసే ముందు 1990ల నుంచి జరిపిన తవ్వకాల్లో లక్షల రాతి ముక్కలు బయటపడ్డాయి. వాటిలో 1,965 వస్తువులను 2023లో జపాన్ ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించింది. రైలు, రోడ్డు లేని రోజుల్లో వేల ఏళ్లపాటు జనం నడిచి వచ్చిన లోయ ఇది. ఇప్పుడు ఇక్కడ రైలు ఎక్కడానికి జనం లేరంటే ఆ మాట విచిత్రంగా ఉంటుంది.

మూత నిర్ణయం 2015లోనే బయటికొచ్చింది. కమి-షిరతకి, క్యూ-షిరతకి, షిమొ-షిరతకి, ఇదే మార్గంలో కనెహన. ఇతర మార్గాల్లో ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది స్టేషన్లు, మూత తేదీ 2016 మార్చి 26. ఈ తేదీలోనే కథ కీలకం ఉంది. జపాన్‌లో జేఆర్ కంపెనీలు టైంటేబుల్ మార్చేది ప్రతి ఏడాదీ మార్చిలోనే. బడి ఏడాది ముగిసేదీ మార్చిలోనే. మూడేళ్ల హైస్కూలు పూర్తి చేసినవాళ్లు మార్చి మొదట్లో పట్టా అందుకుంటారు. ఆ అమ్మాయి చివరి ఏడాదిలో ఉంది. రెండు తేదీలు కలిశాయి. ఒక దేశపు ఏడాది మలుపు తిరిగే నెల ఒకటే కాబట్టి కలిశాయి.

అలాగని రైల్వేకు పిల్లల పట్టింపు లేదనడం అన్యాయం. పల్లె స్టేషన్ మూత మీద ఊరి పెద్దలతో మాట్లాడేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఇదే: ఈ స్టేషన్ నుంచి బడికి వెళ్లేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా? చదువు మధ్యలో ఉన్న పిల్లలు లేకపోతే ఊరు ఒప్పుకోవడం సులువు. బడి ఏడాది మధ్యలో కాకుండా చివర్లో మార్పు చేయడం వెనక ఆ ఆలోచన ఎప్పుడూ ఉంటుంది. వైరల్ కథ ఈ మామూలు పద్ధతిని ఒక్క అద్భుతంగా మార్చేసింది. నిజానికి మెచ్చుకోవాల్సింది ఆ పద్ధతినే. అద్భుతం ఒక్కరికే దక్కుతుంది, పద్ధతి అందరికీ దక్కుతుంది.

చివరి రోజు మార్చి 25. అంతవరకు రోజుకు ఒక్కరు కూడా సగటున ఎక్కని ఆ హాల్టులకు కెమెరాలు పట్టుకుని అభిమానులు తరలి వచ్చారు. మర్నాడే జపాన్ టీవీ తెరల నిండా ఇంకో రైలు. జపాన్ ప్రధాన దీవి హొన్షు నుంచి సముద్రం కింది సొరంగం దాటి హొక్కైడోకు మొదటి షిన్‌కన్‌సెన్ వచ్చిన రోజు అదే మార్చి 26. రిబ్బన్లు కత్తిరించారు, జెండాలు ఊపారు. అదే దీవిలో, అదే కంపెనీ కింద, అదే పొద్దున ఎనిమిది స్టేషన్లలో బండి ఆగలేదు. పెద్ద నగరాలను కలిపే రైలుకు దేశం డబ్బు పెడుతుంది. లోయలోని ఇళ్లను కలిపే రైలును కంపెనీ లెక్కకు వదిలేస్తుంది. రెండు వార్తలూ కలిపి చదివినవాళ్లు తక్కువ.

అదే ఏడాది నవంబరులో జేఆర్ హొక్కైడో ఇంకో ప్రకటన చేసింది: 10 మార్గాల్లోని 13 భాగాలను, అంటే 1,237 కిలోమీటర్లను, తన ఒక్కదాని శక్తితో నడపలేనని. తన మొత్తం పట్టాల్లో దాదాపు సగం. సెకిహొకు మార్గం మొత్తం ఆ జాబితాలో ఉంది. 2021 మార్చిలో దీవి అంతటా మరో 18 స్టేషన్లు మూతపడ్డాయి. కొన్ని చోట్ల మంచు ఎత్తే ఖర్చు, కరెంటు ఖర్చు తామే పెట్టుకుంటామని పట్టణ పాలక సంస్థలు ముందుకొచ్చి స్టేషన్లను కాపాడుకున్నాయి. ఆ దారి క్యూ-షిరతకి రోజుల్లోనే దొరికి ఉంటే, కనీసం ఊరికి ఒక ఎంపిక ఉండేది.

ఇప్పుడు కమికవలో బండి కదిలితే షిరతకి దాకా 37.3 కిలోమీటర్లు మధ్యలో స్టేషనే లేదు. షిన్‌కన్‌సెన్‌ను పక్కన పెడితే జేఆర్ మార్గాలన్నిటిలో రెండు పక్కపక్క స్టేషన్ల మధ్య ఇంత దూరం ఇంకెక్కడా లేదు. పిల్లలు ఇప్పటికీ షిరతకి నుంచి, మరుసెప్పు నుంచి ఎంగరు హైస్కూలుకు వెళ్తారు. కోత కాలం వస్తే కితమి పొలాల ఉల్లిపాయలు నింపుకుని సరుకు రైలు ఇదే దారిన కొండ ఎక్కుతుంది. జనం దాన్ని ఉల్లిపాయల రైలు అనే పిలుస్తారు. ఆ రైలు ఆగిపోతే ఉల్లి ధర ఏమవుతుందోనని రైతులు ఆందోళన పడిన రోజులున్నాయి. ఒక్క విద్యార్థిని కథకు కన్నీళ్లు పెట్టుకున్న ప్రపంచానికి ఈ ఉల్లిపాయల బండి సంగతి తెలియదు. కానీ ఈ పట్టాలు ఇంకా ఉండటానికి ఉన్న బలమైన కారణాల్లో అది ఒకటి.

షిమొ-షిరతకిలో ఎవరూ ఎక్కరు, దిగరు. టైంటేబుల్‌లో ఆ పేరే లేదు. అయినా అక్కడి లూప్ లైను, సిగ్నళ్లు తీసేయలేదు. సింగిల్ లైన్ మీద ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఒక చోటు కావాలి కదా. అందుకే మంచు కురిసే రాత్రుల్లో అక్కడ ఇప్పటికీ ఎర్ర సిగ్నల్ దగ్గర ఒక బండి ఆగుతుంది. తలుపులు తెరుచుకోవు. ఎదురు బండి దాటిపోయాక పచ్చ దీపం పడుతుంది, బండి మళ్లీ కదులుతుంది.